దుబ్బ ముందా, గాలి ముందా? మా జీపు ఎయిర్ ఫిల్టరు వెనక వందేళ్ల కథ

ఈసారి పత్తి గురించీ మిర్చి గురించీ కాదు, గాలి గురించి రాస్తున్నా. పోస్టు పెద్దది. మోటారు ఆన్ చేసి గట్టు మీద కూర్చున్నప్పుడు తీరిగ్గా చదువుకోండి.

మా చిన్నోడు ఈ ఎండాకాలం మొదట్లో ఒక పాత మహీంద్రా జీపు కొన్నాడు. 2.5 లీటర్ల డీజిల్ ఇంజను, టర్బో లేదు. సంతకి సరుకు వేసుకుపోవడానికి, చేనుకి ఎరువు కట్టలు తేవడానికి, నవమికి ఇంటిల్లిపాదీ భద్రాచలం పోవడానికి పనికొస్తుందని. బండి బాగానే ఉంది గానీ దాని అసలు ఎయిర్ క్లీనరు లేదు. తుప్పు పట్టిందని పాత ఓనరు ఎప్పుడో పీకేసి, గాలి పైపు మూతికి ఒక గుడ్డ చుట్టి నడిపిస్తున్నాడు. అంటే ఇంజనుకి గాలి వెళ్లే దారి మొత్తం మనమే కొత్తగా కట్టుకోవాలి.

మావాడు ఫోన్లో చూసి ఒక ఎర్ర కోన్ ఫిల్టరు తెప్పించాడు. శంఖం ఆకారంలో ఉంటుంది, నూనె రాసిన నూలు గుడ్డ. డబ్బా గిబ్బా ఏమీ లేకుండా పైపుకి నేరుగా బిగించేయడమే. "నాన్నా, దీంతో గాలి ఫ్రీగా పోతది, పికప్పు పెరుగుద్ది, చప్పుడు కూడా బాగుంటది" అన్నాడు. నేను కొట్టం వెనక పడున్న పాత ట్రాక్టరు ఆయిల్ బాత్ డబ్బా తెచ్చి ముందు పెట్టా. "ఇదిరా ఫిల్టరంటే" అన్నా. వాడు నవ్వాడు. నాకు ఒళ్లు మండింది. రెండు రోజులు మాటల్లేవు. మూడో రోజు ఇద్దరం కూర్చుని లెక్కలేసుకున్నాం. చివరికి తేలిందేంటంటే ఇద్దరిదీ తప్పే. ఎలాగో చెప్పడానికే ఈ పోస్టు.

ముందు మన దుబ్బ గురించి చెప్పాలి.

మా ఊరు ములకలపల్లి వైపు, అడవి అంచున. ఇటు కొత్తగూడెం, అటు గోదారి. ఈ దారులన్నీ ఒకప్పుడు బండ్ల బాటలే. 1871లో జియలాజికల్ సర్వేకి చెందిన డాక్టర్ కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు ఉందని కనిపెట్టాడు. 1889లో అక్కడ తవ్వకం మొదలైంది. తర్వాత కొత్తగూడెం సింగరేణికి కేంద్రమైంది. 1965లో భద్రాచలం దగ్గర గోదారి మీద వంతెన వచ్చేదాకా అవతలికి పోవాలంటే పడవే దిక్కు. వంతెన వచ్చాక లారీలు పెరిగాయి. పాల్వంచలో కరెంటు ఫ్యాక్టరీ, 1979 నుంచి సారపాకలో కాగితం మిల్లు, దానికి జామాయిల్ కర్ర మోసే ట్రాక్టర్లు, ఓపెన్ కాస్టు గనుల టిప్పర్లు, గోదారి ఇసుక లారీలు. ప్రతి పనీ మన రోడ్డు మీద ఒక పొర దుబ్బ వదిలిపెట్టింది. ఎర్ర నేల దుబ్బ, బొగ్గు నుసి, బూడిద, ఇసుక, పత్తి నూగు, మిర్చి కల్లాల ఘాటు. వానాకాలం నాలుగు నెలలు తీసేస్తే మిగతా ఏడాదంతా మన బండ్లు పీల్చేది ఇదే.

అందులో అన్నిటికంటే చెడ్డది ఇసుక నలుసు. మన వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. 5 నుంచి 20 మైక్రాన్ల నలుసులే ఇంజనుకి ఎక్కువ చేటు. పిస్టన్ రింగుకీ లైనరుకీ మధ్య ఉండే నూనె పొరలో ఇరుక్కుని, ఉప్పు కాగితం రుద్దినట్టు రుద్దుతాయి. కంటికి కనపడే రాయి ముక్క కాదు, కనపడని నలుసే ఇంజనుని తినేది.

ఈ సంగతి మొదట తెలుసుకున్నదెవరో తెలుసా? రైతులే.

మొదట్లో మోటారు బండ్లకి ఫిల్టరనేదే లేదు. పట్నం రోడ్ల మీద తిరిగే కార్లకి అది పెద్ద లోటుగా అనిపించలేదు. ట్రాక్టరు వచ్చి పొడి దుక్కిలో దిగాక అసలు సంగతి బయటపడింది. 1915లో అమెరికాలో ఫ్రాంక్ డొనాల్డ్‌సన్ అని ఒకాయన ట్రాక్టర్లు అమ్మే ఉద్యోగం చేస్తుండేవాడు. యూటా అనే ఎడారి రాష్ట్రంలో ఒక రైతు ట్రాక్టరు ఇంజను మాటిమాటికీ అరిగిపోతోంది. ఈయన వెళ్లి చూసి, తప్పు రైతుది కాదు, ఇంజను తాగుతున్న దుమ్ముదని పట్టుకున్నాడు. తీగ చట్రానికి గుడ్డ చుట్టి, గాలి పైపుకి పెట్టాడు. పనిచేసింది. మన ట్రాక్టరులో ఈ లోపం ఉందని కంపెనీకి చెబితే మాత్రం ఉన్న ఉద్యోగం పోయింది. అప్పుడు ఇంటివాళ్లతో కలిసి సెయింట్ పాల్ పట్నంలో సొంతంగా ఫిల్టర్ల పని మొదలెట్టాడు. ఆ డొనాల్డ్‌సన్ కంపెనీ ఇవాళ్టికీ ఉంది, లారీలకూ యంత్రాలకూ ఫిల్టర్లు చేస్తోంది.

అదే కాలంలో నెబ్రాస్కా రాష్ట్రంలో విల్మట్ క్రోజియర్ అనే రైతు వరుసగా పనికిమాలిన ట్రాక్టర్లు కొని విసిగిపోయాడు. ఆయన శాసనసభకి కూడా ఎన్నికయ్యాడు. ట్రాక్టరు అమ్మాలంటే ముందు పరీక్ష పెట్టి నిలబడాలని 1919లో చట్టం చేయించాడు. నెబ్రాస్కా ట్రాక్టరు పరీక్షలని ప్రపంచమంతా చెప్పుకునేవి అవే. మన దేశంలో ఆ పని మధ్యప్రదేశ్‌లోని బుధ్ని సంస్థ చేస్తుంది. దక్షిణాదికి అనంతపురం దగ్గర గార్లదిన్నెలో ఒకటుంది. బుధ్ని రిపోర్టుల్లో ఎయిర్ క్లీనరుకి కూడా పరీక్ష ఉంటుంది. ట్రాక్టరు వంగినప్పుడు ఆయిల్ బాత్ లోని నూనెని ఇంజను ఎంత లాగుతుందో కొలిచి రాస్తారు. ఎందుకో కింద చెప్తా.

గుడ్డ ఫిల్టరుతో చిక్కేంటంటే తొందరగా మూసుకుపోతుంది. అందుకే ఆయిల్ బాత్ వచ్చింది. నా తరం రైతులందరికీ తెలిసిన డబ్బా. అది పనిచేసే తీరు చూడండి. గాలి పై నుంచి మధ్య గొట్టంలో దిగి, అడుగున గిన్నెలో ఉన్న నూనెని తాకి, ఒక్కసారిగా పైకి తిరుగుతుంది. ఎడ్లబండి మలుపులో జోరుగా తిరిగితే పైన వేసిన మూట జారి బయట పడుద్ది చూడండి, అలాగే బరువైన దుబ్బ గాలితోపాటు తిరగలేక నూనెలో పడిపోతుంది. మిగిలిన దుమ్ము పైన నూనెతో తడిసిన తీగ జాలిలో అంటుకుంటుంది. నూనె కిందికి కారుతూ ఆ మట్టిని కడిగి గిన్నెలోకి తెస్తుంది. కొనాల్సిందేం లేదు. గిన్నె విప్పి, మడ్డి పారబోసి, డీజిల్‌తో కడిగి, గీత దాకా ఇంజనాయిల్ పోస్తే సరి. పల్లెటూరికి దీనికి మించిన సామాను లేదనిపించేది.

రెండో ప్రపంచ యుద్ధంలో విల్లీస్ జీపు ఊళ్లూ ఎడారులూ తిరిగింది ఈ డబ్బాతోనే. 1945లో పెట్టిన మహీంద్రా కంపెనీ స్వాతంత్ర్యం వచ్చిన రోజుల్లో ఆ జీపుల్నే విడిభాగాలుగా తెప్పించి ఇక్కడ బిగించింది. మావాడి జీపుకి ముత్తాత అదే.

ఆ యుద్ధంలోనే ఇంకో ముచ్చట. బ్రిటిషు వాళ్ల స్పిట్‌ఫైర్ విమానాలు ఉత్తర ఆఫ్రికా ఎడారిలో దిగాయి. రన్‌వే మీద లేచే ఇసుకకి ఇంజన్లు నిలబడేట్టు లేవు. వోక్స్ అనే పేరున్న పెద్ద ఫిల్టరు ముక్కు కింద బిగించారు. పెద్ద గడ్డం లాగా ఉండేది. ఇంజను బతికింది గానీ విమానం వేగం తగ్గింది. శత్రు విమానం వెనక పడితే తగ్గిన ప్రతి మైలూ ప్రాణం మీదికే వస్తుంది. అలాగని ఫిల్టరు పీకేశారా? పీకలేదు. ఈజిప్టులో అబూకిర్ వర్క్‌షాపు వాళ్లు గాలికి తక్కువ అడ్డొచ్చే చిన్న ఫిల్టరు తయారుచేసి బిగించారు. అంటే ముందు దుమ్ము ఆపాలి, ఆ తర్వాతే గాలి దారి సుళువు చేసుకోవాలి. మావాడికి నేను చెప్పాలనుకున్న మాట ఇదే. కానీ నాకు అప్పుడు మాటలు రాలేదు, కోపమే వచ్చింది.

ఇటు మన దగ్గర ఏం జరుగుతుండేది? నిజాం రైల్వే వాళ్లు 1932లో 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టారు. యుద్ధం వచ్చి పెట్రోలు కరువైతే దేశమంతా బొగ్గు బస్సులు నడిచాయి. వెనక ఒక పొయ్యి కట్టి, కట్టె బొగ్గు కాల్చి, ఆ గ్యాసుని ఇంజనుకి పెట్టేవాళ్లు. ఆ గ్యాసులో బూడిద, తారు. దాన్ని చల్లార్చి వడగట్టకపోతే ఇంజను నాలుగు రోజులు కూడా నిలవదు. ఒకరకంగా ఇంజనుకి సొంతంగా గాలిదారి కట్టుకోవడమనే పని మన డ్రైవర్లు, మెకానిక్కులు ఎనభై ఏళ్ల కిందటే చేశారు. పికప్పు కోసం కాదు, బస్సు ఊరు చేరడం కోసం.

1959లో ఐషర్ కంపెనీ ఫరీదాబాద్‌లో ట్రాక్టరు తయారుచేసింది. 1960ల్లో మద్రాసు నుంచి టాఫే మాసీ ఫెర్గుసన్, బొంబాయి నుంచి ఇంటర్నేషనల్ వచ్చాయి. 1971లో హెచ్ఎంటీ, 1974లో స్వరాజ్. మా చిన్నతనంలో మన పొలాల్లో దిగినవాటికి ఎక్కువగా ఆయిల్ బాతే. మా ఊళ్లో మొదటి ట్రాక్టరు నడిపిన డ్రైవరుని అందరం తాతా అని పిలిచేవాళ్లం. పొద్దున్నే టీ తాగకముందే గిన్నె విప్పేవాడు. వేలు నూనెలో ముంచి, బొటనవేలితో రుద్ది చూసేవాడు. గరుకు తగిలిందా, పారబోసేయడమే. "మనం అన్నంలో రాయి ఉంటే ఉమ్మేస్తాం, అది ఉమ్మలేదు కదరా" అనేవాడు. నాకు ఇంజను గురించి తెలిసిన మొదటి పాఠం అదే. అందుకే ఆ డబ్బా అంటే నాకు అంత గురి.

కానీ గురి వేరు, లెక్క వేరు. నేను ఇంటర్ ఎంపీసీ దాకా చదివా. మూడో రోజు కాగితం తీసి ఇద్దరం వేసిన లెక్క ఇది.

2.5 లీటర్ల ఇంజను రెండు చుట్లకి ఒకసారి తన కడుపు నింపుకుంటుంది. నిమిషానికి 2000 చుట్లంటే 1000 సార్లు. పూర్తిగా నిండదు, నూటికి 85 పాళ్లు అనుకుందాం. నిమిషానికి 2100 లీటర్లు పైన. ఎనిమిది గంటల పనికి సుమారు 10 లక్షల లీటర్లు, అంటే 1000 ఘనపు మీటర్ల గాలి. రోటవేటరు కొట్టేటప్పుడు ముందు ఏముందో కనపడనంత దుబ్బ లేస్తుంది కదా, అలాంటి గాలిలో ఘనపు మీటరుకి సుమారు 0.9 గ్రాముల దుమ్ము ఉంటుందని ఫిల్టర్ల వాళ్ల లెక్క. రోజంతా అదే దుబ్బలో నడిస్తే 900 గ్రాములు. కిలోకి వంద గ్రాములు తక్కువ! ఒక్క రోజులో ఇంజను నోటి దాకా వచ్చేది అంత.

ఇప్పుడు ఫిల్టరు నూటికి 97 పాళ్లు ఆపితే 27 గ్రాములు లోపలికి పోతుంది. 99 పాళ్లు ఆపితే 9 గ్రాములు. 99.9 పాళ్లు ఆపితే ఒక్క గ్రాము కూడా లేదు. 97కీ 99.9కీ తేడా మూడు పాళ్లే కదా అనిపిస్తుంది. ఇంజను వైపు నుంచి చూస్తే 30 రెట్లు.

ఆయిల్ బాత్ మంచి స్థితిలో ఉంటే ఆపేది సుమారు 95 నుంచి 98 పాళ్లు. అదీ ఇంజను జోరు మీద ఉన్నప్పుడు. ఐడ్లింగులో గాలికి జోరుండదు, మలుపులో మూట జారదు, దుమ్ము గాలితోనే పోతుంది. బండి పక్కకి వంగితే నూనె ఒక వైపుకి పోయి పని చెడుతుంది. గీత దాటి నూనె పోస్తే ఇంజనే దాన్ని లాగి తాగేస్తుంది. డీజిల్ ఇంజను ఆ నూనె మీదే పరిగెత్తడం మొదలెడితే స్టాప్ నాబ్ లాగినా ఆగదు. బుధ్నిలో ఆ పరీక్ష పెట్టేది ఇందుకే. గతుకుల్లో, గుట్ట దారిలో అటూ ఇటూ ఊగుతూ పోయే జీపుకి, అందులోనూ ట్రాక్టరు కొలతకి చేసిన నా పాత డబ్బా సరిపడదు. మావాడి ముందు ఒప్పుకోవడం కష్టమే అయింది గానీ ఒప్పుకున్నా.

1950లు, 60ల్లో కార్లకి మడతల కాగితం ఫిల్టర్లు వచ్చాయి. విసనకర్ర మడతల్లాగా మడిచి, గుండ్రంగా చుట్టి, జిగురు పట్టించి గట్టిపరిచిన కాగితం. మడతలెందుకంటే చిన్న డబ్బాలో ఎక్కువ కాగితం పట్టడానికి. కాగితం ఎంత ఎక్కువుంటే గాలి అంత నెమ్మదిగా, సుళువుగా దాటుతుంది, దుమ్మునీ అంత ఎక్కువ పట్టుకుంటుంది. మంచి కాగితం ఫిల్టరు 99.5 పాళ్ల పైనే ఆపుతుంది. ఇంకో వింత, కాస్త దుమ్ము పట్టిన ఫిల్టరు కొత్తదానికంటే బాగా ఆపుతుంది. పట్టిన దుమ్మే ఇంకో జల్లెడ అవుతుంది. తర్వాత తర్వాత ట్రాక్టర్లు కూడా ఈ డ్రై టైపుకి మారుతూ వచ్చాయి. 2023 జనవరి నుంచి 50 హెచ్‌పీ దాటిన ట్రాక్టర్లకి కొత్త పొగ నిబంధనలు వచ్చాక, టర్బోలూ సున్నితమైన పంపులూ ఉన్నచోట ఆయిల్ బాత్‌కి ఇక చోటు లేదు.

ఇక్కడ నా సొంత దెబ్బ చెప్పాలి. 2011లో నా ట్రాక్టరు ఇంజను పోయింది. డ్రై ఫిల్టరే. రోజూ విప్పేవాణ్ని, టైరుకేసి కొట్టేవాణ్ని, పంక్చరు షాపులో గాలి కొట్టించేవాణ్ని. ఎంత శ్రద్ధగా చూసుకుంటున్నానో అనుకునేవాణ్ని. అన్నిసార్లు విప్పి బిగించడంలో ఫిల్టరు డబ్బా నుంచి ఇంజనుకి పోయే రబ్బరు హోసు క్లిప్పు దగ్గర చీరింది. కింది వైపు చీరింది కాబట్టి కంటపడలేదు. ఫిల్టరు దాటిన తర్వాత చీలిక అంటే ఇక ఫిల్టరు లేనట్టే. ఒక్క పత్తి దుక్కుల సీజన్లో లైనర్లు అరిగిపోయాయి. బ్రీదరు నుంచి పొగ, ఇంజనాయిల్ తగ్గిపోవడం, పొద్దున స్టార్టింగు రాకపోవడం. ఇంజను దించాల్సొచ్చింది. మా ఆవిడ గాజులు బ్యాంకులో పెట్టాం. కిరాయి దుక్కుల ఆదాయం ఆ ఏడాది సున్నా. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. ఆ గాజులు విడిపించడానికి మూడు పంటలు పట్టింది. మావాడు అప్పుడు స్కూల్లో చదువుతున్నాడు. వాడికి గాజుల సంగతి తెలుసు, హోసు సంగతి తెలియదు. మొన్న చెప్పా. కోన్ ఫిల్టరు చూసి నాకెందుకు అంత మండిందో అప్పుడర్థమైంది వాడికి.

ఇక మావాడి ఎర్ర కోన్ సంగతి. దానికీ చరిత్ర ఉంది. 1969లో కాలిఫోర్నియాలో కెన్ జాన్సన్, నార్మ్ మెక్‌డొనాల్డ్ అనే ఇద్దరు మోటారు సైకిళ్ల దుకాణం నుంచి మొదలుపెట్టి నూనె రాసిన నూలు గుడ్డ ఫిల్టర్లు చేశారు. ఇద్దరి పేర్ల మొదటి అక్షరాలతో కె అండ్ ఎన్. రేసు బండ్లకి బాగా కుదిరింది. కడిగి, ఆరబెట్టి, నూనె రాసి మళ్లీ వాడుకోవచ్చు. రేసు ఇంజను ఎక్కువ కాలం బతకాలని ఎవరూ కోరుకోరు, ఆ రోజు గెలవాలి, అంతే. తర్వాత విప్పి మళ్లీ కడతారు. మన జీపు అలా కాదు. పదేళ్లు నడవాలి. పైగా మావాడు కొన్నది పేరూ ఊరూ లేని నకలు.

అయినా ఒట్టి మాటలతో తేల్చకూడదని కొలిచాం. మేస్త్రీలు గోడ లెవెల్ చూసే ట్యూబు ఉంటుంది కదా, తెల్లగా పారదర్శకంగా. దాన్ని ఒక చెక్కకి ఇంగ్లీషు యు అక్షరంలా కట్టి, సగం దాకా రంగు నీళ్లు పోశాం. ఒక కొస ఫిల్టరుకీ ఇంజనుకీ మధ్య పైపులో చిన్న రంధ్రం పెట్టి బిగించాం, రెండో కొస గాలికి వదిలేశాం. ఇంజను పీల్చేకొద్దీ ఒకవైపు నీళ్లు లేస్తాయి. రెండు మట్టాల మధ్య తేడానే ఫిల్టరు పెట్టే అడ్డు. టర్బో లేని డీజిల్ ఇంజను కాబట్టి నిలబెట్టి రేసు చేసినా సరిపోతుంది, బరువు మోసినా మోయకపోయినా అది పీల్చే గాలి దాదాపు అంతే. ఒక జాగ్రత్త, ట్యూబు ఒక్కో వైపు మీటరు పొడుగుండాలి, లేకపోతే నీళ్లు ఇంజనులోకి పోతాయి.

కోన్‌తో తేడా 2 అంగుళాలు వచ్చింది. పాల్వంచలో కొన్న డ్రై టైపు డబ్బా ఫిల్టరుతో 5 అంగుళాలు. మావాడి ముఖం వెలిగింది. "చూశావా నాన్నా, కోన్‌లోనే ఫ్రీగా పోతోంది." నిజమే. కానీ 3 అంగుళాలంటే ఎంత? మన చుట్టూ ఉన్న గాలి బరువు 10 మీటర్ల నీటి మట్టాన్ని నిలబెడుతుందని ఇంటర్ ఫిజిక్సులో చదివాం. అంటే 400 అంగుళాలు. అందులో 3 అంగుళాలు నూటికి ఒక్క పాలు కూడా కాదు. ఇలాంటి ఇంజన్లకి సుమారు 20 అంగుళాలు దాటితేనే ఫిల్టరు మార్చాలంటారు. ఐదు చాలా తక్కువ.

ఇంకోటి. కోన్ బానెట్టు కింద ఇంజను పక్కనే ఉంటుంది. బయట గాలి 30 డిగ్రీలుంటే అక్కడ 60 ఉంటుంది. వేడి గాలి పలచన. లెక్క వేస్తే నూటికి 9 పాళ్లు తక్కువ గాలి. ఒక పాలు కోసం పోయి తొమ్మిది పాళ్లు పోగొట్టుకున్నట్టు. అదే డబ్బా ఫిల్టరైతే బయటి చల్లగాలి పైపు పెట్టుకోవచ్చు.

చివరి పరీక్ష గ్రీజుది. ఫిల్టరు దాటిన తర్వాత పైపు లోపల వేలితో పలచగా గ్రీజు రాశాం. కోన్ పెట్టి నాలుగు రోజులు టిప్పర్లు తిరిగే దారిలో నడిపాడు. విప్పి తెల్ల గుడ్డతో తుడిస్తే గుడ్డ ఎర్రబడింది. వేళ్ల మధ్య నలిపితే గరుకు. తర్వాత డబ్బా ఫిల్టరుతో అదే దారి, అవే నాలుగు రోజులు. గ్రీజు రాసిన రంగులోనే ఉంది. మావాడు ఆ ఎర్ర గుడ్డని వాసన చూశాడు, నలిపాడు, ఏమీ మాట్లాడలేదు. సాయంత్రం కోన్ తీసి అటక మీద పెట్టాడు.

మీలో ఎవరైనా పాత జీపుకో, ట్రాలీ ఆటోకో, ఇంజను మార్చిన బండికో గాలిదారి కట్టుకుంటుంటే మేం చేసింది చెప్తా.

మొదటిది, ఇంజను ఎంత గాలి తాగుద్దో లెక్కేయండి. మా జీపు 3000 చుట్ల దగ్గర నిమిషానికి సుమారు 3200 లీటర్లు, అంటే పదహారు నీళ్ల డ్రమ్ములు. దానికి ఒకటిన్నర రెట్లు పెద్ద ఇంజనుకి వాడే డబ్బా ఫిల్టరు తీసుకోండి. ఫిల్టరు పెద్దదైతే అడ్డు తక్కువ, ఎక్కువ రోజులు వస్తుంది. గాలికి దారి కావాలంటే ఫిల్టరు పెద్దది చేయాలి గానీ గుడ్డ పలచన చేయకూడదు.

రెండు, లోపల రెండో చిన్న ఫిల్టరు ఉండే డబ్బా దొరికితే అదే కొనండి. పెద్దది చిరిగినా, విప్పినప్పుడు దుబ్బ రాలినా చిన్నది కాపాడుతుంది. దాన్ని కడగొద్దు, మార్చడమే.

మూడు, గాలి పీల్చే మూతి ఎత్తులో పెట్టండి. దుబ్బ కింద దట్టంగా ఉంటుంది, పైన పలచన. మేం అద్దం పక్కగా పైకి తీసి, కొసన ట్రాక్టరుకి ఉన్నట్టే గాలిని తిప్పి పెద్ద దుబ్బని విసిరేసే గిన్నె బిగించాం. ముర్రేడు వాగు లాంటివి దాటేటప్పుడూ మంచిదే. ఇంజను నీళ్లు మింగితే కనెక్టింగు రాడ్లు వంగిపోతాయి.

నాలుగు, ఫిల్టరు నుంచి ఇంజను దాకా ఉన్న ప్రతి హోసూ, ప్రతి క్లిప్పూ కింది వైపు కూడా చేత్తో తడిమి చూడండి. నా గాజుల పాఠం ఇది. ఊరికే ఊరికే విప్పొద్దు, కొట్టొద్దు, గాలి కొట్టించొద్దు. ట్యూబు పెట్టి కొలిచి, అవసరమైతేనే విప్పండి.

ఐదు, ఇంజనే మార్చి ఉంటే ముందు ఆర్సీ చూసుకోండి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలకి తేడా వచ్చేలా బండి మార్చకూడదు, ఆర్టీవో అనుమతి కావాలి.

వందేళ్ల కిందట యూటాలో ఆ రైతు చేసిన గొప్ప పని ఏంటి? నా ఇంజను అరిగిపోతోందని గట్టిగా చెప్పాడు. ఒకాయన ఆ మాట విని, దుమ్ము దాకా వెళ్లి చూశాడు. ఫిల్టరు పుట్టింది అక్కడ. మా తాత డ్రైవరు వేలితో నూనె నలిపి చూసినా, మావాడు ఎర్ర గుడ్డ నలిపి చూసినా అదే పని. ఎవరో చెప్పిందో, ఫోన్లో చూసిందో కాదు, నలిపి చూడటం.

పోయిన ఆదివారం ఆ జీపులో సంతకి పోయొచ్చాం. ముందు ఒక బొగ్గు టిప్పరు, ఏమీ కనపడలేదు. మావాడు అద్దం ఎక్కించుకుని నెమ్మదిగా వెనక పోనిచ్చాడు. "నాన్నా, మన ఫిల్టరు సంగతేంటి మరి?" అన్నాడు. నేను తువ్వాలు తీసి ముక్కుకి కట్టుకున్నా, వాడికీ ఒకటిచ్చా.

మీ బండి ఫిల్టరు ఆఖరిసారి ఎప్పుడు చూశారో ఒకసారి గుర్తుచేసుకోండి. హోసు కింది వైపు కూడా.